అరబ్ తిరుగుబాట్లు ఫేస్‌బుక్ తెచ్చినవా, అమెరికా చేయించినవా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2011లో అరబ్ దేశాల్లో వచ్చిన తిరుగుబాట్లు నిజంగా ఫేస్‌బుక్, ట్విట్టర్ వల్ల వచ్చాయా, లేక అమెరికా వెనక ఉండి చేయించిందా? లిబియా మీద అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో బాంబులు వేసింది ప్రజలను కాపాడడానికేనా? పాలకుడు సొంత ప్రజలను చంపుతుంటే బయటివాళ్లు చూస్తూ ఊరుకోవాలా? బంగ్లాదేశ్, నేపాల్‌లలో ప్రభుత్వాలు కూలినప్పుడు మళ్లీ ఇదే వాదన మొదలైందని, అందుకే అడుగుతున్నానని కూడా రాశారు.

నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూసే డెస్క్‌లో చాలా ఏళ్లు పని చేశాను. 2011 మొదటి నెలల్లో ప్రతి రాత్రీ ఏజెన్సీ కాపీలు తెలుగు చేసి, హెడ్డింగులు పెట్టి, పేజీ పంపినవాళ్లలో నేనొకడిని. అప్పుడు నేను రాసినవాటిలో కొన్ని తర్వాత తప్పని తేలాయి. వాటిని ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనం కోపం నిజం. దాన్ని ఫేస్‌బుక్ పుట్టించలేదు, అమెరికా పుట్టించలేదు. బయటి దేశాలు చేసే పని వేరు. ఎక్కడెక్కడ నిప్పు రాజుకుందో చూసుకుని, తమకు పనికొచ్చేదాన్ని ఎంచుకుంటాయి, పనికిరానిదాన్ని ఆర్పేవాళ్లకు అడ్డు చెప్పవు. ఆ ఎంపిక సరైనదేనని లోకాన్ని నమ్మించడానికి కావలసిన బొమ్మలు, కథలు సోషల్ మీడియాలో దొరుకుతాయి. అనుమానం పెట్టుకోవాల్సింది ఆ ఎంపిక మీద, ఆ కథల మీద. రోడ్డెక్కిన మనుషుల మీద కాదు.

ట్యునీషియాతో మొదలుపెడతాను. 2010 డిసెంబర్ 17న సిదీ బూజిద్ అనే చిన్న పట్టణంలో మొహమ్మద్ బువాజీజీ అనే 26 ఏళ్ల తోపుడు బండి వ్యాపారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. మునిసిపల్ సిబ్బంది అతని కాటా, సరుకు లాక్కున్నారు. మొర పెట్టుకుందామని ఆఫీసుకు వెళ్తే వినేవాడు లేడు. జనవరి 4న చనిపోయాడు. పది రోజులకు, అంటే జనవరి 14న, 23 ఏళ్లుగా ఏలుతున్న అధ్యక్షుడు బెన్ అలీ సౌదీ అరేబియాకు పారిపోయాడు.

అప్పట్లో మేమందరం బువాజీజీని ‘నిరుద్యోగ పట్టభద్రుడు’ అని రాశాం. అతను డిగ్రీ చదవలేదు. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. ఆ మాట ఫేస్‌బుక్‌లోంచి చానెళ్లకు, అక్కడి నుంచి మా డెస్క్‌కు వచ్చింది. చదువుకుని పని దొరకని కుర్రాళ్లకు ఇతను మనలాంటివాడే అనిపించడానికి ఆ చిన్న మార్పు ఉపయోగపడింది. అతని బాధ అబద్ధం కాదు, చావు అబద్ధం కాదు. కానీ నెట్‌లో కథ ఎలా చెక్కుకుంటుందో మొదటి రోజే కనిపించింది. మేం గమనించలేదు.

అయితే ఫేస్‌బుక్ ఏమీ చేయలేదా? చేసింది. రెండేళ్ల ముందు, 2008లో, అదే దేశంలో గఫ్సా ప్రాంతపు ఫాస్ఫేట్ గనుల దగ్గర ఉద్యోగాల నియామకాల్లో అక్రమాల మీద జనం నెలల తరబడి పోరాడారు. పోలీసులు కాల్పులు జరిపారు, నాయకులను జైల్లో పెట్టారు. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని చుట్టుముట్టింది. మిగతా దేశానికి ఆ సంగతి సరిగా తెలియనే లేదు. 2010లో సిదీ బూజిద్ నిరసనను ఒకరు ఫోన్‌లో తీసి పెట్టారు, దాన్ని అరబ్ టీవీ చానెల్ అల్ జజీరా ఎత్తుకుంది, అక్కడి నుంచి టీవీ ఉన్న ప్రతి ఇంటికీ చేరింది. అంటే ఫేస్‌బుక్ వార్తను ఊరి పొలిమేర దాటించింది, టీవీ దాన్ని ఇంటింటికీ మోసింది.

కానీ వార్త చేరితే సరిపోదు కదా. రేపు పొద్దున ఎక్కడ కలవాలి, లాఠీచార్జి జరిగితే ఎక్కడ దాక్కోవాలి, అరెస్టయినవాడి ఇంటికి ఎవరు వెళ్లాలి? ఇవన్నీ చూసింది యూజీటీటీ అనే కార్మిక సమాఖ్య స్థానిక శాఖలు, ముఖ్యంగా బడి పంతుళ్ల సంఘాలు. జనవరి 12న స్ఫాక్స్ నగరంలో సార్వత్రిక సమ్మె జరిగింది, 14న రాజధానిలో. ఆ రోజే బెన్ అలీ విమానం ఎక్కాడు. తర్వాత దేశాన్ని అంతర్యుద్ధం అంచు నుంచి చర్చలకు తెచ్చిన నాలుగు సంస్థలకు కలిపి 2015లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, వాటిలో యూజీటీటీ ఒకటి.

ఈజిప్ట్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖలీద్ సయీద్ అనే యువకుడిని పోలీసులు కొట్టి చంపారు. ‘మనమంతా ఖలీద్ సయీద్‌లం’ అని ఒక ఫేస్‌బుక్ పేజీ మొదలైంది. దాన్ని నడిపింది గూగుల్‌లో మార్కెటింగ్ ఉద్యోగి వాయెల్ ఘోనిమ్. 2011 జనవరి 25న, అక్కడి పోలీసు దినోత్సవం నాడు, రోడ్లెక్కుదామని ఆ పేజీలో పిలుపు వచ్చింది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

తక్కువ మందికి తెలిసింది ఇంకొకటి ఉంది. ఆ రోజు కైరోలో నిరసనలు ఎక్కడ జరుగుతాయో ఇరవై చోట్ల పేర్లు నెట్‌లో పెట్టారు. పోలీసులకు కూడా నెట్ ఉంది కదా, ఇరవై చోట్లా ముందే మోహరించారు. నిర్వాహకులు ఇరవై ఒకటో చోటును ఎక్కడా రాయలేదు. నైలు నదికి పడమట బులాక్ అల్ దక్రూర్ అనే పేదల బస్తీలో ఒక మిఠాయి దుకాణం దగ్గర, నోటిమాట మీదే, మనుషులను కూడగట్టారు. ఆ రోజు పోలీసు వలయాన్ని దాటి కైరో నడిబొడ్డునున్న తహ్రీర్ చౌక్ చేరిన మొదటి గుంపు ఆ బస్తీ నుంచి వచ్చిందే. ఫేస్‌బుక్ విప్లవంగా పేరుపడిన ఉద్యమంలో గెలిచింది ఫేస్‌బుక్‌లో పెట్టని చోటు!

జనవరి 27 అర్ధరాత్రి దాటాక అధ్యక్షుడు ముబారక్ ప్రభుత్వం దేశమంతా ఇంటర్నెట్ కట్ చేసింది, మొబైల్ సర్వీసు కూడా ఆపించింది. ఫేస్‌బుకే విప్లవం అయితే మర్నాడు వీధులు ఖాళీగా ఉండాలి. 28వ తేదీ శుక్రవారం. మసీదుల నుంచి బయటికొచ్చిన జనం అంతకు ముందెప్పుడూ లేనంతగా రోడ్ల మీదికొచ్చారు, సాయంత్రానికి పోలీసులు పారిపోయారు. ఫోన్ పలకకపోతే పిల్లల కోసం తల్లి గుమ్మంలోకి వస్తుంది, పక్కింటాయన ఏం జరుగుతోందో చూద్దామని వీధి చివరకు వెళ్తాడు. నెట్ ఆపడం వల్ల జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో నెట్ ఆపినప్పుడు, 2025 సెప్టెంబర్‌లో నేపాల్ 26 సోషల్ మీడియా సంస్థలను నిషేధించినప్పుడు కూడా పాలకులు ఇదే తప్పు చేశారు. నేపాల్‌లో నిషేధం పెట్టిన ఐదు రోజులకే ప్రధాని ఓలీ దిగిపోవాల్సి వచ్చింది.

ఘోనిమ్‌ను పోలీసులు 12 రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచారు. ఫిబ్రవరి 7న వదిలారు. ఆ రాత్రే ఒక టీవీ చానెల్‌లో చనిపోయిన కుర్రాళ్ల ఫోటోలు చూసి అతను ఏడ్చాడు. అప్పటికి కాస్త చల్లబడుతున్న ఉద్యమం మర్నాడు మళ్లీ ఉప్పొంగింది. చూడండి, ఫేస్‌బుక్ వీరుడు కూడా దేశాన్ని నిజంగా కదిలించింది టీవీలోనే. దేశానికి విముక్తి కావాలంటే ఇంటర్నెట్ ఇస్తే చాలని 2011లో అన్నది అతనే. 2015లో ఆ మాట తప్పని బహిరంగంగా ఒప్పుకున్నాడు. తిరుగుబాటుకు ముందు మనుషులను కలిపిన అదే సాధనం తర్వాత పుకార్లతో, తిట్లతో వాళ్లను విడగొట్టిందని చెప్పాడు. అతని మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

తహ్రీర్‌కు ముందు మహల్లా ఉంది. నైలు డెల్టాలోని ఆ బట్టల మిల్లుల పట్టణంలో 2006 డిసెంబర్‌లో వేలాది కార్మికులు, అందులో మహిళలు ముందుండి, సమ్మె చేశారు. 2008 ఏప్రిల్ 6న మళ్లీ చేయబోయారు, పోలీసులు దిగారు, గొడవలు జరిగాయి. ఆ కార్మికులకు మద్దతుగా చదువుకున్న కుర్రాళ్లు పెట్టిన ఫేస్‌బుక్ గ్రూపే తర్వాత ‘ఏప్రిల్ 6 ఉద్యమం’ అయింది. అంటే ఉద్యమం మిల్లులో పుట్టి ఫేస్‌బుక్‌కు వెళ్లింది. మనం దాన్ని తలకిందులుగా చదువుకున్నాం.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాకూడదు. సరిగ్గా అవే వారాల్లో, 2011 మార్చి 10న, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది. సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు సాగింది. సింగరేణి కార్మికులు, ఆర్టీసీ డ్రైవర్లు, పంతుళ్లు, ఊరూరా జేఏసీలు, ధూంధాం పాటలు. అప్పటికి మన దగ్గరా ఫేస్‌బుక్ ఉంది. తెలంగాణ ఫేస్‌బుక్ వల్ల వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? దూరపు దేశం కాబట్టి కైరో విషయంలో ఒప్పేసుకున్నాం.

ఇక రెండో వాదన, విదేశీ హస్తం. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. 1953లో ఇరాన్‌లో ఎన్నికైన ప్రధాని మొసాదెక్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు కూల్చాయి. 60 ఏళ్ల తర్వాత సీఐఏ పత్రాల్లోనే ఆ సంగతి ఒప్పుకున్నారు. ఈజిప్ట్ కుర్రాళ్ల విషయంలో కూడా కొంత నిజం ఉంది. ఏప్రిల్ 6 ఉద్యమకారుడొకరు 2009లో సెర్బియా వెళ్లి శాంతియుత నిరసన పద్ధతులు నేర్చుకొచ్చాడు. అమెరికా డబ్బుతో నడిచే సంస్థలు కొందరికి శిక్షణ ఇచ్చాయి. ఇవి దాచాల్సిన విషయాలు కావు.

కానీ లెక్క మొత్తం చూడాలి. అదే అమెరికా ముబారక్ సైన్యానికి ఏటా 130 కోట్ల డాలర్లు ఇచ్చింది. తహ్రీర్‌లో జనం మీద పడిన బాష్పవాయు గోళాల మీద అమెరికాలో తయారైనట్టు ముద్ర ఉంది. జనవరి 27న, అంటే జనం రోడ్డెక్కి రెండు రోజులయ్యాక, ముబారక్‌ను నియంత అనబోనని అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్ టీవీలో చెప్పాడు. తానే నడిపిస్తున్న నాటకమైతే ఇలా మాట్లాడరు. ముబారక్ పడిపోవడం ఖాయమని తేలేదాకా వాషింగ్టన్ ఊగిసలాడింది, తేలాక జనం పక్షాన మాట్లాడింది.

విదేశీ హస్తం అనే మాట ఎవరి నోటి నుంచి వస్తోందో కూడా చూడాలి. తహ్రీర్‌లో కూర్చున్నవాళ్లకు విదేశీయులు కెంటకీ చికెన్ పంచుతున్నారని ముబారక్ మద్దతుదారుల మీడియా ప్రచారం చేసింది. యువకుల నెస్కెఫేలో మత్తుమాత్రలు కలిపారని లిబియా పాలకుడు గడాఫీ అన్నాడు. సొంత ప్రజలకు కోపం రావడానికి కారణం ఉండొచ్చని ఒప్పుకోలేని పాలకుడికి ఎప్పుడూ బయటివాడే దొరుకుతాడు. విదేశీ హస్తాన్ని అనుమానించేటప్పుడు ఆ మాట వల్ల లాభపడే పాలకుడిని కూడా అనుమానించాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండో సగం ఉండదు.

సోషల్ మీడియా బొమ్మలు మోసం చేసిన సందర్భాలు రెండు చెబుతాను. 2009లో ఇరాన్ ఎన్నికల తర్వాత వచ్చిన నిరసనలను పాశ్చాత్య మీడియా ‘ట్విట్టర్ విప్లవం’ అంది. మరమ్మతుల కోసం సైటు ఆపవద్దని అమెరికా విదేశాంగ శాఖ అధికారి ఒకరు ట్విట్టర్‌ను కోరాడు. ఇరాన్ లోపల ట్విట్టర్ వాడేవాళ్లు బహు కొద్దిమంది, లోకం చదివిన ఇంగ్లీషు ట్వీట్లలో చాలావరకు బయటి దేశాల్లో కూర్చుని రాసినవి. ఆ అధికారి చేసిన పని వల్ల, నిరసనకారులు అమెరికా మనుషులని చెప్పుకోవడానికి టెహ్రాన్‌కు మంచి సాకు దొరికింది. జూన్ 20న నెదా ఆగా సొల్తాన్ అనే యువతి తుపాకీ గుండు తగిలి వీధిలో చనిపోయింది. ఆ వీడియో నిజం. కానీ మీడియా తొందరలో దాదాపు అదే పేరున్న ఇంకో మహిళ ఫేస్‌బుక్ ఫోటోను ప్రపంచమంతా వేసేసింది. బతికున్న ఆ యూనివర్సిటీ టీచరు, నేను ఆమెను కాదు మొర్రో అన్నా వినేవాడు లేక, చివరకు ప్రభుత్వ వేధింపులకు భయపడి దేశం విడిచి పారిపోవాల్సి వచ్చింది.

రెండోది సిరియా. 2011లో డమాస్కస్ నుంచి ఒక యువతి ధైర్యంగా బ్లాగు రాస్తోందని లోకం మెచ్చుకుంది. జూన్‌లో ఆమెను ఎత్తుకెళ్లారని పోస్టు వచ్చింది. విడుదల చేయాలని వేలమంది గొంతు కలిపారు. వారం తిరగకుండానే తేలింది: అలాంటి అమ్మాయే లేదు. రాసింది స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న ఒక నడివయసు అమెరికన్. ఆ సమయంలో సిరియా జైళ్లలో నిజంగా చిత్రహింసలు పడుతున్నవాళ్లు వేలమంది. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ అడగలేదు.

లిబియా దగ్గర కాస్త ఆగుతాను. నా తప్పు ఉన్నది అక్కడే.

లిబియా తూర్పున ఉన్న బెంఘాజీ నగరంలో నిరసన మొదలైంది 2011 ఫిబ్రవరి 15న. 1996లో రాజధాని త్రిపోలీలోని అబూ సలీం జైల్లో సుమారు 1,200 మంది ఖైదీలను చంపేశారు. వాళ్ల కుటుంబాల తరఫున వాదిస్తున్న న్యాయవాది ఫతీ తెర్బిల్‌ను ఆ రోజు అరెస్టు చేశారు. ఆ తల్లులు, భార్యలు ఏళ్ల తరబడి కోర్టు ముందు ఫోటోలు పట్టుకుని నిలబడినవాళ్లు. తిరుగుబాటుకు అసలు మూలం ఆ ఆడవాళ్లు. లిబియాలో ఇంటర్నెట్ వాడేవాళ్లే తక్కువ. బెంఘాజీలో మొహమ్మద్ నబ్బూస్ అనే యువకుడు ఉపగ్రహ కనెక్షన్ పెట్టుకుని ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాడు. మార్చి 19న జరుగుతున్నది చూపించడానికి వెళ్లి తూటా తగిలి చనిపోయాడు. అలాంటి మనిషిని తలుచుకుంటే సోషల్ మీడియా అంతా బూటకం అనడానికి నాకు నోరు రాదు.

ఫిబ్రవరి 21 రాత్రి మా టేబుల్ మీదికి వచ్చిన వార్త: త్రిపోలీలో నిరసనకారుల మీద యుద్ధ విమానాలు బాంబులు వేస్తున్నాయి. చానెళ్లు అదే చెబుతున్నాయి, ట్విట్టర్ అంతా అదే. ‘ఆకాశం నుంచి మృత్యువర్షం’ అన్న అర్థంలో పెద్ద అక్షరాలతో హెడ్డింగ్ పెట్టింది నేనే. ఎవరు చూశారు, ఎక్కడ, ఎంతమంది పోయారు అని ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు. మార్చి 1న అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్‌ను విలేఖరులు అడిగితే, పత్రికల్లో చూశాం కానీ ధ్రువీకరణ లేదన్నాడు. ఆ మాట మా పేజీలో చిన్న ముక్క. మొదటి వార్త అప్పటికే జనం మనసులో స్థిరపడిపోయింది.

అదే వారంలో ఇంకో వార్త వచ్చింది. గడాఫీ ఆఫ్రికా నుంచి నల్లజాతి కిరాయి సైనికులను దించి చంపిస్తున్నాడని. ఇదీ వేశాం. అప్పట్లో లిబియాలో దాదాపు 18,000 మంది భారతీయులున్నారు. ప్రభుత్వం విమానాలు, ఓడలు పెట్టి 15,000 మందికి పైగా వెనక్కు తెచ్చింది. బెంఘాజీ నుంచి ఓడలో అలెగ్జాండ్రియా, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ, ఢిల్లీ నుంచి రైల్లో వచ్చిన నిజామాబాద్ జిల్లా వాసి ఒకాయన సికింద్రాబాద్ స్టేషన్‌లో నాకు కలిశాడు. సెంట్రింగ్ పని చేసేవాడు. బాంబుల గురించి, గడాఫీ గురించి అడిగాను. ఆయన వేరే సంగతి చెప్పాడు.

"మా పక్క క్యాంపుల చాద్ దేశపోళ్లు ఉండె సార్. మా లెక్కనే కూలి పనికి వచ్చినోళ్లు. బయటికి పోతె కిరాయి సైనికులని కొట్టి సంపుతున్నరని మూడు దినాలు తలుపు పెట్టుకొని లోపలనే ఉన్నరు. మేమే రొట్టెలు ఇచ్చినం."

నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పేజీలో వేయలేదు. గడాఫీ సైన్యం అరాచకాల గురించి ఆయన ఏమీ చూడలేదన్నాడు కాబట్టి వార్త లేదనుకున్నాను. కళ్లతో చూసి వచ్చిన మనిషి నా ఎదుట నిలబడి అసలు వార్త చెబితే, తెర మీద కదులుతున్న వార్తకు అది సరిపోలేదని పక్కన పెట్టాను.

జూన్ నాటికి మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పరిశోధకులు లిబియాలో నెలల పాటు తిరిగి చూసి, కిరాయి సైనికులని పట్టుకున్నవాళ్లలో చాలామంది ఉత్త వలస కూలీలని చెప్పారు. సైనికులకు మాత్రలిచ్చి సామూహిక అత్యాచారాలకు పురిగొల్పారని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో అమెరికా రాయబారి చెప్పిన మాటకు కూడా ఆధారం దొరకలేదన్నారు. ఆగస్టులో మిస్రాతా దగ్గరున్న తవర్గా అనే పట్టణాన్ని తిరుగుబాటు దళాలు పూర్తిగా ఖాళీ చేయించాయి. అక్కడివాళ్లు దాదాపు 40,000 మంది, ఎక్కువమంది నల్లజాతి లిబియన్లు. గడాఫీ పక్షాన పోరాడారని ఊరంతటికీ శిక్ష వేశారు. ఫిబ్రవరిలో మనం వేసిన ‘నల్ల కిరాయి సైనికుడు’ అనే బొమ్మ ఆగస్టులో ఏం చేసిందో చూడండి.

ఇక్కడ రెండో పక్షం కూడా న్యాయంగా చెప్పాలి. బెంఘాజీ జనం భయం ఉత్తది కాదు. ఇల్లిల్లూ, సందుసందూ వెతుకుతానని గడాఫీ టీవీలో గర్జించాడు. అబూ సలీం గుర్తున్నవాడెవడూ ఆ మాటను తేలిగ్గా తీసుకోడు. మార్చి 19 నాటికి అతని బలగాలు బెంఘాజీ శివార్లకు వచ్చేశాయి. ఆ రోజు ఫ్రెంచి విమానాలు రాకపోతే ఏమయ్యేదని అక్కడివాళ్లు అడిగితే, హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చున్న నేను గట్టిగా జవాబు చెప్పలేను. 2016లో బ్రిటిష్ పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ మాత్రం, పౌరులకు ముప్పును ఎక్కువ చేసి చెప్పారని, తిరుగుబాటుదారుల్లో సాయుధ మత ఛాందసులు ఎంతమంది ఉన్నారో చూసుకోలేదని తేల్చింది. గడాఫీ తిరిగి పట్టుకున్న పట్టణాల్లో పౌరుల ఊచకోత జరగలేదని కూడా గుర్తు చేసింది.

బెంఘాజీని కాపాడడమే లక్ష్యమైతే ఆ పని మొదటి రోజుల్లోనే పూర్తయింది. భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం పౌరులను కాపాడమంది, పాలకుడిని మార్చమనలేదు. నాటో విమానాలు ఆ తర్వాత ఏడు నెలలు ఎగిరాయి. ఖతార్ తన సైనికులను వందల సంఖ్యలో నేల మీద దించిందని అక్టోబర్‌లో తానే ఒప్పుకుంది. మనకు రోజూ వార్తలు వినిపించిన అల్ జజీరాకు డబ్బు పెట్టేది ఆ ఖతారే అన్నది మర్చిపోకూడదు. ఆఫ్రికా దేశాల సమాఖ్య రాజీ బృందం మార్చి 20న త్రిపోలీ వెళ్లాలనుకుంటే విమానానికి అనుమతి రాలేదు. ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమాతో కలిసి వెళ్తే గడాఫీ ఒప్పుకున్నాడు, గడాఫీ దిగిపోవాలన్న షరతు లేదని బెంఘాజీలోని తిరుగుబాటుదారులు ఒప్పుకోలేదు. వెనక నాటో ఉన్నప్పుడు రాజీకి ఎవరు దిగుతారు? అక్టోబర్ 20న సిర్త్‌లో గడాఫీని చంపారు. అక్టోబర్ 31తో నాటో పని ముగించుకుని వెళ్లిపోయింది.

తర్వాతి సంగతి లిబియన్లు అనుభవిస్తున్నారు. రెండు ప్రభుత్వాలు, లెక్కలేనన్ని సాయుధ ముఠాలు. 2015 జులైలో అదే సిర్త్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువాళ్లను ఎత్తుకెళ్లారు. ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో నిద్ర లేదు, 2016 సెప్టెంబర్‌లో విడుదలయ్యారు. 2023 సెప్టెంబర్‌లో దెర్నా పట్టణం పైనున్న 1970ల నాటి రెండు ఆనకట్టలు తుపానుకు తెగి వేలమంది కొట్టుకుపోయారు. మరమ్మతులు చేయాలని ఏళ్లుగా హెచ్చరికలున్నాయి. చేయించే ప్రభుత్వం లేదు. గడాఫీ తర్వాతి రోజు గురించి ఆలోచించకపోవడం తన పదవీకాలంలో అతి పెద్ద తప్పని ఒబామా 2016లో అన్నాడు.

ఇప్పుడు నా వాదనకు గట్టి సాక్ష్యం చెబుతాను. లిబియా పక్కన బహ్రెయిన్‌ను పెట్టండి. అదే ఏడాది, అదే ఫిబ్రవరి. 14న నిరసనలు మొదలయ్యాయి, మర్నాడు రాజధాని మనామాలోని ముత్యాల చౌక్‌లో జనం గుమిగూడారు. ఫేస్‌బుక్ వాడకం లిబియా కంటే అక్కడ ఎంతో ఎక్కువ. వీడియోలు, ఫోటోలు అన్నీ ఉన్నాయి. కానీ ఆ దేశంలో అమెరికా ఐదో నౌకాదళం స్థావరం ఉంది, పక్కనే సౌదీ ఉంది. మార్చి 12న లిబియా మీద విమానాలు ఎగరకుండా గగనతల నిషేధం పెట్టాలని అరబ్ లీగ్ కోరింది. మార్చి 14న సౌదీ సైనికులు వంతెన దాటి బహ్రెయిన్‌లో దిగారు. మార్చి 17న లిబియా మీద 1973వ తీర్మానం. మార్చి 18న ముత్యాల చౌక్‌లోని స్తూపాన్ని నేలమట్టం చేశారు. గాయపడినవాళ్లకు వైద్యం చేసిన డాక్టర్లను జైల్లో పెట్టారు. ఫేస్‌బుక్‌లోని నిరసన ఫోటోల మీద ముఖాలకు గుర్తులు పెట్టి, వీళ్లెవరో చెప్పండని అడిగారు. అలా దొరికినవాళ్ల ఉద్యోగాలు పోయాయి, కొందరు జైలుకెళ్లారు. నిజనిర్ధారణ సంఘం చిత్రహింసలు జరిగాయని ఆ ఏడాది నవంబర్‌లోనే నివేదిక ఇచ్చింది.

మార్చి 12 నుంచి 18 దాకా చెప్పినవన్నీ ఒక్క వారంలో జరిగినవి. ఒకచోట ప్రజల కన్నీళ్లకు విమానాలు లేచాయి, ఇంకోచోట అణచివేయడానికి వచ్చిన సైన్యాన్ని ఎవరూ ఆపలేదు. గల్ఫ్‌లో మనవాళ్లు లక్షల్లో ఉన్నా, బహ్రెయిన్ గురించి ఆ వారం మా పేజీలో ఎంత వేశామో తర్వాత తిరగేసి చూశాను. లిబియా గురించి వేసినదాంట్లో పదో వంతు కూడా లేదు. ఏజెన్సీలు ఎంత పంపితే అంత వేశాం.

అందుకే కొత్తగా ఏ దేశంలో గొడవ మొదలైనా నేను చూసేది వైరల్ వీడియోను కాదు. దానికి ముందు రెండు మూడేళ్లలో అక్కడ ఎవరు సమ్మె చేశారు, ఎవరు జైలుకు వెళ్లారు అని వెతుకుతాను. అలాంటి చరిత్ర ఉంటే ఉద్యమం అక్కడి నేలదే. తర్వాత, అదే సమయంలో పక్క దేశంలో జరుగుతున్నదాని గురించి ఎవరు నోరు మూసుకున్నారో చూస్తాను. బంగ్లాదేశ్‌లో రిజర్వేషన్ కోటా మీద విద్యార్థులు 2018లోనే రోడ్డెక్కారు. 2024లో ప్రభుత్వం కాల్పులు జరిపింది, 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్య సమితి నివేదిక అంచనా వేసింది. అంతమంది చచ్చిపోయిన ఉద్యమాన్ని ఎవరో బయటి నుంచి స్విచ్ నొక్కి నడిపించారని తేలిగ్గా అనేయడం నాకు నచ్చదు. ఆ తర్వాత ఏ దేశం అక్కడ ఏం చేసుకుంటోందన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న, తప్పకుండా అడగాలి.

మీ చివరి ప్రశ్న కష్టమైనది. 1973వ తీర్మానానికి 10 ఓట్లు పడ్డాయి. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటు వేయలేదు. ఐక్యరాజ్య సమితి పంపిన దూత నివేదిక ఇంకా రాలేదని, దీన్ని ఎవరు ఎలా అమలు చేస్తారో స్పష్టత లేదని మన ప్రతినిధి అన్నారు. అప్పట్లో మా డెస్క్‌లో అది పిరికితనంగా అనిపించింది. ఇప్పుడు ఆ అడ్డుపుల్ల ప్రశ్నే సరైన ప్రశ్న అనిపిస్తోంది. మూడు వారాల ముందు గడాఫీ మీద ఆయుధ నిషేధం, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విచారణ కోరిన 1970వ నంబరు తీర్మానానికి భారత్ ఓటు వేసిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. అంటే ఊరుకోవడానికీ బాంబులు వేయడానికీ నడుమ చేయగలిగిన పనులు ఉన్నాయి.

అంతకంటే ముందు చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. 2004 మార్చిలో బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ గడాఫీ గుడారానికి వెళ్లి కరచాలనం చేశాడు. అదే నెలలో గడాఫీ వ్యతిరేకి అబ్దుల్ హకీం బెల్హాజ్‌ను, గర్భవతి అయిన అతని భార్యను బ్యాంకాక్‌లో పట్టుకుని గడాఫీ జైలుకు అప్పగించారు. అందులో బ్రిటిష్ గూఢచారుల పాత్ర చెప్పే ఉత్తరం 2011లో త్రిపోలీలోని గడాఫీ ప్రభుత్వ ఆఫీసులో దొరికింది. 2018లో బ్రిటన్ ఆ దంపతులకు క్షమాపణ చెప్పింది. జనాన్ని అణచడానికి వాడే సామగ్రిని లిబియాకు, బహ్రెయిన్‌కు అమ్మే లైసెన్సులను లండన్ రద్దు చేసింది 2011 ఫిబ్రవరిలో, నెత్తురు కారాక. ఏడేళ్లు ముందుగా అది చేసి ఉంటే దానికి విమానాలు అక్కర్లేదు, తీర్మానాలూ అక్కర్లేదు. ప్రజలను కాపాడతామని వచ్చే దేశాన్ని నేను మొదట అడిగేది అదే: నిన్నటిదాకా ఈ పాలకుడికి ఏమేం అమ్మావు?

నిజామాబాద్ ఆయన గడాఫీ చనిపోయిన వారం నాకు ఫోన్ చేశాడు. టీవీలో చూశానన్నాడు. రావలసిన నాలుగు నెలల జీతం సంగతి ఏమైనా తెలుస్తుందా అని అడిగాడు. తర్వాత కొంచెంసేపు ఆగి, "ఆ చాద్ పోళ్లు ఏమైండ్రో మీ పేపరుకు ఏమన్న ఎరుకైందా సార్?" అన్నాడు. తెలియదని చెప్పాను.